ఏడాదికి 156 సార్లు: ఉద్దానం లెక్కల్లో ఆస్పత్రి నిర్వహణ చదువు

కిడ్నీలు పూర్తిగా చెడిపోయిన మనిషికి వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి 156 సార్లు, మొత్తం 624 గంటలు. ఇచ్ఛాపురం దగ్గరి ఊరి నుంచి పలాస వచ్చే రోగికి రానూపోనూ సుమారు 100 కిలోమీటర్లు. అంటే ఏడాదికి 15,600 కిలోమీటర్ల ప్రయాణం. రక్తశుద్ధి అయ్యాక నీరసంతో ఒంటరిగా బస్సెక్కలేరు, తోడు ఒకరుండాలి. రోగి సంగతి అటుంచి, ఆ తోడు వచ్చినవాళ్లు పోగొట్టుకునే పనిదినాలే 156. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక గ్రామీణ కుటుంబం మొత్తానికి ఏడాదికి హామీ ఇచ్చింది 100 పనిదినాలు.

ఇదే రోగికి సోంపేటలోనో కవిటిలోనో చోటు దొరికితే ప్రయాణం సగానికి పైగా తగ్గిపోతుంది. దొరుకుతుందా లేదా అన్నది మందుల మీద ఆధారపడిన విషయం కాదు. ఏ కేంద్రంలో ఎన్ని యంత్రాలు నడుస్తున్నాయి, ఎవరికి ఏ షిఫ్టు వేశారు, మూలబడ్డ యంత్రం ఎన్నాళ్లకు బాగవుతుంది అన్న లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. ఈ లెక్కలు నేర్పడానికి ఒక పీజీ చదువు ఉంది. మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అన్నా, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అన్నా, హెల్త్‌కేర్ ఎంబీఏ అన్నా దాదాపు ఒకటే దారి. శ్రీకాకుళం జిల్లాలో బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, బీఫార్మసీ చదివిన పిల్లలు దీన్ని హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రి ఉద్యోగంగానో, అమెరికా వీసాగానో చూస్తున్నారు. పలాస ఆస్పత్రి వరండాలో నిలబడి చూస్తే ఇదే చదువు వేరుగా కనిపిస్తుంది.

ముందు జబ్బు లెక్క. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి తోటల నేల ఉద్దానం. ఇక్కడ రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి నూటికి సుమారు 18 మందిలో ఉంది. చాలామందికి మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలు కనిపించలేదు. నీరా, ఎండలో శ్రమా, పురుగుమందులా, వంశపారంపర్యమా అన్న ప్రశ్నకు ఇంకా తుది జవాబు రాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్నీ ఆ రోజే ప్రారంభించారు. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. భవనం, నీరు, పింఛను: మూడూ పోరాడి సాధించుకున్నవే. కారణం తేల్చే పని శాస్త్రవేత్తలది. ఆ జవాబు వచ్చేదాకా, వచ్చాక కూడా, యంత్రాలు ప్రతి ఉదయం నడవాలి. వాటిని నడిపించే పని ఎవరిదన్నది ఇక్కడ పెద్దగా చర్చకు రాలేదు.

ఈ పని ఒక విడి విద్యగా మారి తొంభై ఏళ్లు దాటింది. 1934లో షికాగో విశ్వవిద్యాలయం ఆస్పత్రి నిర్వహణలో మొదటి పీజీ కోర్సు పెట్టింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ 1966లో డాక్టర్ల కోసం మాస్టర్స్ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో అపోలో సంస్థ 1988లో వైద్యేతర పట్టభద్రులకూ తలుపు తెరిచింది. చరిత్ర ఇంతే చాలు. ఆ తరగతి గదిలో ఏం చెబుతారన్నది పలాస అంకెలతోనే చూద్దాం.

ఒక కేంద్రంలో పది యంత్రాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో డయాలసిస్‌కు నాలుగు గంటలు, ఆ తర్వాత యంత్రం శుభ్రం చేసి మళ్లీ సిద్ధం చేయడానికి గంట. ఉదయం 6 గంటలకు మొదలుపెడితే మొదటి షిఫ్టు 10కి, రెండోది మధ్యాహ్నం 3కి, మూడోది రాత్రి 8కి ముగుస్తాయి. రోజుకు 30, వారానికి ఆరు రోజులు, మొత్తం 180 సార్లు. అందరికీ వారానికి మూడుసార్లు ఇస్తే 60 మంది పడతారు. రెండేసిసార్లతో సరిపెడితే 90 మంది. వచ్చింది 75 మంది అయితే? 30 మందికి మూడుసార్లు, 45 మందికి రెండుసార్లు ఇస్తే 180 సరిగ్గా అయిపోతుంది. ఎవరు ఆ 30 మంది, ఎవరు ఈ 45 మంది అన్నది కిడ్నీ వైద్య నిపుణుడు (నెఫ్రాలజిస్టు) తేల్చాలి. మూత్రం ఇంకా కొంత వస్తున్నవారిని రెండుసార్లతో నడపవచ్చునేమో ఆయనే చెప్పాలి. కానీ ఆ ప్రశ్న ఆయన ముందుకు సకాలంలో, కాగితం మీద, పేర్లతో రావాలి. రాకపోతే ముందు వచ్చినవాళ్లకు మూడు, వెనక వచ్చినవాళ్లకు రెండు అని పట్టిక తనంతట తానే తీర్పు చెప్పేస్తుంది. అలా జరగడం అన్యాయం.

నాలుగో షిఫ్టు పెడితే వారానికి 240 సార్లు, 80 మందికి పూర్తి వైద్యం. అంకె బాగుంది. అయితే నాలుగో షిఫ్టు రాత్రి 9కి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఆ వేళ పలాస నుంచి మందస ఊళ్లకు ఏ బస్సుంటుంది? రోగికి తెల్లారేదాకా పడుకునే చోటో, ఇంటికి చేర్చే వాహనమో చూపించకుండా పెట్టిన నాలుగో షిఫ్టు కాగితం మీదే మిగిలిపోతుంది. ఆపరేషన్స్ రీసెర్చ్ అనే పాఠంలో దీన్ని సామర్థ్య ప్రణాళిక అంటారు. బస్సు టైము కూడా ఆ పాఠంలో భాగమేనని చెప్పే మాస్టారు దొరికితే విద్యార్థి అదృష్టవంతుడు.

పదికి పది యంత్రాలూ అందరికీ పనికిరావు. హెపటైటిస్ బి ఉన్న రోగికి విడిగా యంత్రం ఉంచాలి, లేకపోతే పక్కవాడికి అంటుతుంది. ఒకటి పక్కన పెడితే మిగిలిన తొమ్మిదిలో 54 మందికే చోటు. ఆ విడి యంత్రం మీద ఇద్దరే రోగులుంటే వారానికి 18లో 12 షిఫ్టులు ఖాళీగా పోతాయి, అయినా అందులో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు. ఆ పన్నెండు ఖాళీలు చూసి 'యంత్రం వృథా' అని రాసే ఆడిటర్‌కు ఇది వృథా కాదని వివరించగలిగిన మనిషి ఆస్పత్రిలో ఒకరుండాలి. సోంపేట, కవిటి, పలాస, టెక్కలి కేంద్రాలను ఒకే పట్టికగా చూస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది: హెపటైటిస్ బి రోగులను ఒకటి రెండు చోట్లకు చేర్చితే మిగతా కేంద్రాల్లో యంత్రాలు విడుదలవుతాయి. అలా చేర్చేటప్పుడు వాళ్ల ప్రయాణ భారం మళ్లీ లెక్కలోకి వస్తుంది.

ఇక మరమ్మతులు. ఆదివారాలు తీసేస్తే ఏడాదికి 313 రోజులు, యంత్రానికి 939 షిఫ్టులు. ప్రభుత్వ వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమం జిల్లా ఆస్పత్రుల్లో పరికరాలు నూటికి 95 రోజులు నడిచి ఉండాలని లక్ష్యం పెట్టింది. వినడానికి గొప్పగా ఉంటుంది. మిగిలిన ఆ ఐదు శాతం ఎంతో చూడండి: యంత్రానికి ఏడాదికి 47 షిఫ్టులు, పది యంత్రాలకు 470. ముగ్గురు రోగులకు ఏడాది పొడవునా సరిపోయే డయాలసిస్ అది. ఒప్పందంలో 95 అని రాసుకుంటామా, 98 అని రాసుకుంటామా అన్న సంతకం దగ్గర ఆ ముగ్గురూ ఉన్నారు. కాంట్రాక్టుల నిర్వహణ అనే పేపర్‌ను పరీక్ష ముందు రాత్రి తిరగేసే విద్యార్థులకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

నీళ్ల లెక్క ఉద్దానానికి మరీ దగ్గరిది. యంత్రంలో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు ద్రవం పారుతుంది, అంటే ఒక్కో డయాలసిస్‌కు 120 లీటర్ల శుద్ధజలం. రోజుకు 30 సార్లకు 3,600 లీటర్లు. ఆర్వో ప్లాంటు తీసుకున్న నీటిలో సగం బయటికి వదిలేస్తుందనుకుంటే 7,200 లీటర్లు కావాలి. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క వేసింది. ఆ లెక్కన 130 మంది రోజంతా వాడుకునే నీటిని ఒక చిన్న డయాలసిస్ గది తాగేస్తుంది. ఇందులో నాణ్యత కూడా చూడాలి. కుళాయి నీటిలో క్రిములు చావడానికి వేసే క్లోరిన్ మనం తాగితే ఫర్వాలేదు, డయాలసిస్ నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ప్రతి షిఫ్టుకు ముందూ పరీక్షించాలి. పరీక్షించి, టైము వేసి, సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు ఖాళీగా కనిపించిన రోజున షిఫ్టు ఆపగల అధికారం ఆస్పత్రి నిర్వాహకుడికి ఉండాలని నా అభిప్రాయం.

సామగ్రి సంగతి త్వరగా చెప్పేస్తాను. వారానికి 180 అంటే నెలకు 780 సార్లు. ఒక్కోసారికి రెండు సూదులు, నెలకు 1,560. ఆర్డరు పెట్టిన 20 పనిదినాలకు సరుకు వస్తుందనుకుంటే, మరో 10 పనిదినాల నిల్వ జాగ్రత్తగా కలుపుకుని, స్టోరులో 900 సెట్లు మిగిలినప్పుడే మళ్లీ ఆర్డరు వెళ్లాలి. 200 మిగిలాక ఇండెంటు రాస్తే, వారం దాటగానే రోగి బంధువు చీటీ పట్టుకుని కాశీబుగ్గ మందుల షాపుకు పరుగెత్తాల్సి వస్తుంది.

డబ్బు తిరిగి రావడం ఇంకో శాస్త్రం. ప్రభుత్వ వైద్య బీమా పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది మూడు జిల్లాల్లో: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే క్లెయిము కాగితం అనుభవం ఈ జిల్లాకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో చాలా జిల్లాలకంటే ముందు వచ్చింది. నెలకు 780 క్లెయిముల్లో ఒక ఫొటో లేకో, ఒక సంతకం తప్పో నూటికి ఐదు వెనక్కి వస్తే 39. పెద్ద ఆస్పత్రి దాన్ని మింగేసుకుంటుంది. చిన్న కేంద్రంలో ఆ 39 టెక్నీషియన్ జీతం ఆలస్యమవడానికి సరిపోతాయి, జీతం ఆలస్యమైన టెక్నీషియన్ విశాఖకు వెళ్లిపోతాడు. పలాస నుంచి విశాఖ 200 కిలోమీటర్లు. పని తెలిసినవాళ్లు ఎప్పుడూ ఆ దిక్కుకే వెళ్తున్నారు.

200 పడకల లెక్క చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఏడాదికి 73,000 పడక రోజులు. నూటికి 80 నిండితే 58,400. సగటున ఒక రోగి ఐదు రోజులుంటే 11,680 మందిని చేర్చుకోవచ్చు. డాక్టరు ఇంటికి వెళ్లొచ్చని చెప్పాక డిశ్చార్జి కాగితం టైపు కాక, ల్యాబ్ రిపోర్టు రాక, సంతకం పెట్టేవారు లేక ఒక్కొక్కరికి సగటున అర రోజు ఆలస్యమైతే? ఐదున్నర రోజుల చొప్పున 10,618 మందే పడతారు. అర రోజు ఆలస్యం వెయ్యిమందికి పైగా మనుషులకు పడక లేకుండా చేస్తుంది. వాళ్లలో కొందరు బరంపురం రైలెక్కుతారు, కొందరు ఇంటి దగ్గరే ఆగిపోతారు. కొత్త వార్డు కట్టకుండానే వెయ్యిమందికి చోటు చేయగల పని ఇది. దీనికి కావలసిందల్లా చేరిన రోజే డిశ్చార్జి పని మొదలుపెట్టే పద్ధతి, దాన్ని రోజూ పట్టించుకునే ఒక మనిషి.

తుపాను గురించి వివరంగా చెప్పుకోవాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గరే, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఆ సమయంలో డయాలసిస్ రోగి పరిస్థితి ఆలోచించండి. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి మామూలుగానే ఆదివారం కలిసి ఒకసారికి మూడు రోజుల ఎడం వస్తుంది. దానికి రెండు రోజుల తుపాను తోడైతే ఐదు రోజులు. ఒంట్లో నీరు నిండుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగిపోవచ్చు.

విపత్తు నిర్వహణ ఈ కోర్సుల్లో ఒక పాఠం. సాధారణంగా అగ్నిప్రమాదం, భూకంపం ఉదాహరణలతో సాగుతుంది. మన తీరంలో ఆ పాఠం అక్టోబరు రెండో వారంతో మొదలుకావాలి. వాతావరణ శాఖ హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది. ఆ రెండు రోజులూ నాలుగేసి షిఫ్టులు నడిపితే పది యంత్రాల మీద 80 సార్లు చేయొచ్చు. ఉన్న 60 మందికీ గాలి మొదలుకాకముందే ఒకసారి రక్తశుద్ధి పూర్తవుతుంది. రాత్రి షిఫ్టువాళ్లకు ఆస్పత్రిలోనే పడక. మూడు రోజుల నీరు 21,600 లీటర్లు ముందే ట్యాంకుల్లో నిండాలి. జనరేటరుకు డీజిలు ఎన్ని గంటలకు ఉందో రాసి ఉండాలి, 'ఉంది' అంటే చాలదు. ఏ రోగి ఏ ఊళ్లో ఉన్నాడు, ఆ ఊరి రోడ్డు మీద చెట్టు పడితే పక్కదారి ఏది, ఫోను పోతే కబురు ఎవరితో పంపాలి అన్న జాబితా సెప్టెంబరులోనే సిద్ధం కావాలి. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. ఎవరో ఒకరు దీన్ని తన ఉద్యోగంగా భావించి ఏటా చేయాలి, అంతే.

ఆస్పత్రి గోడ దాటాక వేరే చదువు మొదలవుతుంది. వెయ్యిమంది పెద్దవాళ్లున్న ఊళ్లో నూటికి 18 చొప్పున 180 మంది రోగులు. వాళ్లలో ఎక్కువమందికి ఇప్పుడు యంత్రం అక్కర్లేదు. క్రియాటినిన్ చూసుకుంటూ, నొప్పి మాత్రలు ఇష్టానుసారం మింగకుండా, బీపీ అదుపులో ఉంచుకుంటే యంత్రం దాకా రావడం ఆలస్యమవుతుంది. ఒక్కొక్కరిని మూడు నెలలకోసారి చూడాలంటే ఒక ఊరికే ఏడాదికి 720 సందర్శనలు. ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని చూసే రిజిస్టరు లేకపోతే ఆ 720 లెక్క కలగాపులగం అవుతుంది. ఈ పని మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చదివినవాళ్లది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య నిర్వహణ కేడర్ ఉండాలని చెప్పింది. ఉద్దానంలో ఈ రెండు చదువులవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. శ్రీలంకలో ఇలాంటి కిడ్నీ వ్యాధే ఉన్న పొలొన్నరువలో చైనా సాయంతో 2021లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. పలాసకు సరిగ్గా అన్నే పడకలు. రెండు ఊళ్ల నిర్వాహకులు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే నేర్చుకోవలసింది చాలా ఉంటుంది.

మరి ఎక్కడ చదవాలి? ఎంబీబీఎస్ చేసినవారికి నీట్ పీజీ ద్వారా మూడేళ్ల ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. మిగతావారికి హైదరాబాద్ నిమ్స్‌లో రెండున్నరేళ్ల మాస్టర్ ఇన్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్‌కేర్ ఎంబీఏ, ముంబై టిస్‌లో మాస్టర్స్. ప్రజారోగ్యానికి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. ఉద్యోగం వదలలేని నర్సులు, ఫార్మసిస్టులు ఇగ్నో పీజీ డిప్లొమా అర్హతలు చూసుకోవచ్చు. 'హాస్పిటల్ మేనేజ్‌మెంట్' అని బోర్డు పెట్టిన ప్రతిదీ డిగ్రీ కాదు. విశ్వవిద్యాలయ గుర్తింపు ఉందా, ఎన్ని నెలలు నిజమైన ఆస్పత్రిలో పని చేయిస్తారు అన్న ఈ రెండూ అడగకుండా ఫీజు కట్టొద్దు.

అమెరికా ఆశ కూడా అంకెలతోనే చూడాలి. అక్కడ ఆరోగ్య సేవల మేనేజర్ల మధ్యస్థ వేతనం 2023లో ఏడాదికి 1,10,680 డాలర్లు. ఆ అంకెలో అక్కడి ఆస్పత్రుల్లో ఏళ్లుగా పనిచేస్తున్నవారంతా ఉన్నారు, కొత్తగా దిగిన విద్యార్థి జీతం అది కాదు. హెల్త్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ ఎక్కువచోట్ల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, చదువయ్యాక పనికి దొరికేది 12 నెలలే. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఆ 12 నెలల్లో అప్పు ఎంత తీరుతుందో వేసి చూసుకోవాలి.

ఇక్కడి ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో సూపరింటెండెంటు కుర్చీ సీనియర్ డాక్టరుది, ఆయన కింద ఆర్‌ఎంవో, లే సెక్రటరీ. ఈ డిగ్రీ తప్పనిసరి అని రాసిన పోస్టులు బహు తక్కువ. ఆరోగ్యమిత్రలు, జాతీయ ఆరోగ్య మిషన్ ప్రోగ్రామ్ మేనేజర్లు, ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రుల బిల్లింగ్, నాణ్యత విభాగాలు: ప్రస్తుతానికి దారులు ఇవి. ఇది మారాలి. ఒక నెఫ్రాలజిస్టు రోజుకు రెండు గంటలు టెండర్లు, హాజరు పట్టీలు, డీజిలు బిల్లుల మీద గడిపితే 300 రోజుల్లో 600 గంటలు. రోగికి పావుగంట చొప్పున 2,400 మందిని చూడగలిగే సమయం అది. ఉద్దానం లాంటి చోట ఆ సమయాన్ని ఫైళ్లకు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. పలాస ఆస్పత్రికీ, చుట్టూ ఉన్న డయాలసిస్ కేంద్రాలన్నిటికీ కలిపి శిక్షణ పొందిన నిర్వాహకుల పోస్టులు మంజూరు చేయడం ఒక భవనం కట్టడంతో పోలిస్తే చాలా చిన్న ఖర్చు.

ఆ పోస్టులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ కోర్సుల్లో చివరి సెమిస్టరుకు ప్రాజెక్టు తప్పనిసరి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివేవాళ్లూ ఇలాంటి అంశం ఎంచుకోవచ్చు. డయాలసిస్ రోగి ఇంటి నుంచి బయల్దేరి తిరిగి చేరేదాకా పట్టే గంటలు ఎన్ని, షిఫ్టు వేళలకు బస్సు వేళలు ఎంత కలుస్తున్నాయి, యంత్రం చెడిందని ఫిర్యాదు చేసిన దగ్గర నుంచి బాగయ్యేదాకా ఎన్ని రోజులు, డిశ్చార్జి ఆలస్యంలో ఏ బల్ల దగ్గర ఎన్ని గంటలు పోతున్నాయి. ఇవన్నీ మూడు నెలల్లో తేల్చగల ప్రశ్నలు. సూపరింటెండెంటు అనుమతి లేఖ, ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందే తీసుకోవాలి. రికార్డుల్లోంచి రోగుల పేర్లు తొలగించి అంకెలే రాసుకోవాలి. ఆమోదానికి వారాలు పడతాయి కాబట్టి జనవరిలో ప్రాజెక్టు మొదలుపెట్టాలనుకునేవాళ్లు దసరా సెలవులకు ముందే దరఖాస్తు ఇచ్చేయడం మంచిది.